ఉషారాణి కొన్న నీళ్ల కర్ర

గిద్దలూరులో ఓ బట్టల షోరూము అద్దాలు తుడుస్తూ ఓబులయ్య మోకుతో సహా జారి, కింది అంతస్తు సన్‌షేడ్ మీద పడ్డాడు. రోడ్డు మీద పడకపోవడం అదృష్టమని చూడ్డానికి వచ్చినవాళ్లందరూ అన్నారు. ఆయన భార్య ఉషారాణి ఆ మాట విన్నప్పుడల్లా విసుక్కుంది.

"అదృష్టం ఉన్నోడు అసలు పడడు. ఊరికే అనకండి," అంది.

ఉషారాణిది కొనకనమిట్ల దగ్గర గొర్రెలు, మేకలు మేపుకునే కుటుంబం. పెళ్లయి మార్కాపురం వచ్చాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పనిలో చేరింది. ఓబులయ్య పెయింటర్ల వెంట పోయేవాడు. ఇంతలో ఊళ్లో కట్టే ప్రతి కొత్త భవనానికీ ముందంతా అద్దాలు బిగించడం మొదలైంది. ఆసుపత్రులు, షోరూములు, ఫంక్షన్ హాళ్లు, దోర్నాల రోడ్డు మీద హోటళ్లు, అన్నీ అంతే. కట్టినవాళ్లకు అద్దాలు బిగించడం తెలుసు గానీ, పలకల గనుల లారీలు లేపే దుమ్ము వాటి మీద పేరుకుంటే ఎవరు తుడుస్తారో ఆలోచించినవాడు లేడు. ఆ పని ఓబులయ్య అందుకున్నాడు. పైన మోకు కట్టుకుని, చెక్క మీద కూర్చుని, అంతస్తు అంతస్తుగా దిగుతూ తుడిచేవాడు. ఉషారాణి కింద నిలబడి బకెట్లు కట్టి పంపేది, జనాన్ని పక్కకు తోలేది, ఆయన దిగేదాకా మెడ ఎత్తి చూస్తూనే ఉండేది.

గిద్దలూరులో మోకు తెగలేదు. మోకు కట్టిన పిట్టగోడే ఊడింది. కొత్తగా కట్టిన గోడ, సరిగ్గా తడపలేదు, ఇటుకలు కదిలాయి. ఓబులయ్యకు కుడి మణికట్టు, రెండు పక్కటెముకలు విరిగాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఉషారాణి మోకును కొడవలితో ముక్కలు ముక్కలుగా కోసి, పలకరించడానికి వచ్చిన తండ్రి పిచ్చయ్య చేతిలో పెట్టింది.

"మేకలకు పలుపులు చేసుకో నాయనా."

మంచం మీద నుంచే ఓబులయ్య అరిచాడు. "ఏందే నువ్వు చేసింది? అది కొత్త మోకు!"

"మోకు కొత్తదే. నువ్వు పాతబడినావు," అంది ఉషారాణి.

మోకు అయితే పోయింది గానీ పని పోకూడదు కదా. ఉషారాణి ఇదివరకు పనిచేసిన ఆసుపత్రి డాక్టరమ్మ హేమలత ఒక దారి చెప్పింది. పెద్ద ఊళ్లలో అద్దాలు తుడిచేవాళ్లు ఇప్పుడు పైకి ఎక్కడం లేదట. కింద నిలబడే పొడుగాటి కర్రతో కడుగుతారట. కర్ర ఒకదాంట్లోంచి ఒకటి సాగుతుంది, చివర బ్రష్ ఉంటుంది, లోపలి గొట్టంలోంచి నీళ్లు బ్రష్‌లోకి వస్తాయి. బట్టతో తుడిచే పని కూడా ఉండదు, కడిగి వదిలేస్తే ఆరిపోతుంది.

"అంతే. చాలా సింపుల్," అంది డాక్టరమ్మ.

ఉషారాణికి ఆ రెండు మాటల మీద ఇప్పటికీ కోపం పోలేదు.

ఓబులయ్య మంచం మీద చేసే పని లేక ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. ప్రతి వీడియోలోనూ ఎవరు అమ్మే కర్ర వాళ్లకు గొప్పది. వారం తిరక్కముందే ఆయన ఈ విద్యలో ఆరితేరినవాడిలా మాట్లాడసాగాడు. కార్బన్ నారతో చేసిందొక్కటే కర్ర అట, మిగతావన్నీ చెత్త అట.

"ఏడంతస్తుల ఎత్తుకు పోతుంది తెల్సా?"

"మార్కాపురంలో ఏడంతస్తులు యాడున్నాయయ్యా?"

"రేపు కడతారు."

"కట్టినప్పుడు కొందాం లే. ఇప్పుడు మనం చేసేటివన్నీ మూడంతస్తులే గదా!"

గుంటూరులో ఈ కర్రలు అమ్మే వినయ్ కుమార్ అనే అతని నంబరు సంపాదించి ఉషారాణి ఫోను చేసింది. అతను చాలా మర్యాదస్తుడు. ఏ ప్రశ్నకూ లేదనడు, కాదనడు.

"బరువెంత తమ్ముడూ?"

"చాలా లైట్ అక్కా."

"లైట్ అంటే ఎంత?"

"పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదక్కా."

"ఎత్తు ఎంత?"

"మీకు ఎంత కావాలంటే అంత అక్కా."

"మా బజార్లలో షాపుల ముందరే కరెంటు తీగలుంటాయి. తగిలితే ఏమైతది?"

"ఏం కాదక్కా, అందరూ వాడుతున్నారు."

ఫోను పెట్టేసింది ఉషారాణి. అన్ని ప్రశ్నలూ అడిగింది, అన్నిటికీ జవాబు వచ్చింది, అయినా ఒక్క సంగతీ తెలియలేదు.

ధర విన్న పిచ్చయ్య అయితే నోరు తెరిచాడు. ఆ డబ్బు పెట్టి కర్ర కొనడం ఆయనకు అర్థం కాని సంగతి. మేకలకు ఆకు దించడానికి దోటి పట్టుకుని ఆయన జీవితమంతా గడిపాడు. మర్నాటికల్లా ఊరి నుంచి పొడుగాటి వెదురు బొంగు మోసుకొచ్చాడు. దాని చివర గచ్చు కడిగే బ్రష్ కట్టి, బొంగు పొడుగునా నీళ్ల పైపు చుట్టాడు.

"ఇంతకంటే ఏముంటాది ఆ గుంటూరు కర్రలో?" అన్నాడు.

ఉషారాణి వద్దనలేదు. ముసలాయన అంత దూరం మోసుకొచ్చాడు మరి. పక్కింటి రోశమ్మ మేడ కిటికీ మీద ప్రయోగం చేశారు. పంపు తిప్పగానే నీళ్ల బరువుకు బొంగు వంగింది. బ్రష్ అద్దాన్ని వదిలి గోడను, గోడను వదిలి గాలిని రుద్దింది. నీళ్లు సగం బొంగు వెంట దిగి పిచ్చయ్య చొక్కా చేతుల్లోకి పోయాయి. తక్కిన సగం ఎగిరి రోశమ్మ మిద్దె మీద ఎండబోసిన మిరపకాయల మీద పడ్డాయి. రోశమ్మ మిద్దె మీద నుంచి అన్న మాటలు రాయడం బాగుండదు. పిచ్చయ్య మాత్రం నెమ్మదిగా, "పైపు లావైంది, అంతే. సన్న పైపు తెస్తా," అన్నాడు.

"నువ్వు ఏం తేవద్దు నాయనా. నీకు దండం పెడతా," అంది ఉషారాణి.

మిరపకాయల గొడవ సద్దుమణిగిందో లేదో, ఇంటికి ఒక పొడుగాటి పార్శిల్ వచ్చింది. ఓబులయ్య పెళ్లాన్ని ఆశ్చర్యపరుద్దామని, చెప్పకుండా ఫోన్‌లోనే చవకలో దొరికిన అల్యూమినియం కర్ర తెప్పించాడు. ఉషారాణి నిజంగానే ఆశ్చర్యపోయింది. గ్రౌండు ఫ్లోరు ఎత్తుకు బాగానే ఉంది. పై ముక్కలు లాగుతున్న కొద్దీ బరువు చేతి దగ్గర కాకుండా పై కొసకు చేరింది. నిలువుగా ఉన్నంతసేపు పర్వాలేదు, కొంచెం వాల్చితే చాలు చేతుల్ని లాక్కుపోతుంది. ముక్కల్ని బిగించే క్లాంపులు తడి చేతులకు అందవు. అందినవి నిలవవు. రెండోసారి ఎత్తినప్పుడే ఒక క్లాంపు జారి, పై ముక్క దభీమని దిగి ఆమె బొటనవేలు నలిగింది.

"కొత్తది గదా, అలవాటు కావాలి," అన్నాడు ఓబులయ్య.

"ఎవరికి అలవాటు కావాలి? నా బొటనవేలికా?"

అప్పటికే ఆయన కంభంలో ఒక స్వీట్ల దుకాణం వాళ్లకు వస్తామని మాట ఇచ్చేశాడు. వెళ్లి చూస్తే దుకాణం ముందు, రెండో అంతస్తుకు బారెడు దూరంలో, కరెంటు తీగలు వేలాడుతున్నాయి. ఉషారాణి ఆటోలోంచి దిగి పైకి చూసి, మళ్లీ ఆటో ఎక్కబోయింది. దుకాణం యజమానికి చిరాకు వేసింది.

"మొన్న పెయింటు వేసినోళ్లు ఇనప నిచ్చెన వేసినారమ్మా. వాళ్లకు లేని భయం మీకేంది?"

"వాళ్ల సంగతి నాకు తెల్దు. కరెంటోళ్లతో మాట్లాడి లైను తీయించండి, అప్పుడు చేస్తాం."

ఓబులయ్యను ఆటో దగ్గరే నిలబడమని చెప్పి ఆమె ఇలా మాట్లాడుతుండగానే, ఆయన కట్టు విప్పి వారం కూడా కాని చేత్తో కర్ర పైకి లేపేశాడు. నలుగురు చూస్తున్నారు కదా, ఊరికే నిలబడటం ఆయన వల్ల కాలేదు. కర్ర నిటారుగా లేచింది. లేచాక మణికట్టు నిలవలేదు. కొస మెల్లగా తీగల వైపు వాలడం ఉషారాణి కంట పడింది. ఆమె పరుగెత్తి రెండు చేతులా కర్ర మొదలు కావలించుకుని, ఆయన్ని, కర్రని కలిపి వెనక్కి లాగింది. ముగ్గురూ, అంటే కర్రతో సహా, కాలవ గట్టున తీసిపోసిన బురదలో పడ్డారు.

ఉషారాణి బురదలో కూర్చునే అరిచింది. బజారు మొత్తం వినపడింది.

"మోకు మీద చావలేదని ఇప్పుడు కరెంటు ఎతుక్కుంటున్నావా? నీకు ఆడ నిలబడమని చెప్పి ఇంకా నోరు కూడా మూయలేదు గదయ్యా నేను!"

ఓబులయ్య లేచి, కర్ర ముక్కలు ఒకదాంట్లోకి ఒకటి దించి ఆటోలో పెట్టాడు. తిరుగు దారిలో మార్కాపురం దగ్గరపడ్డాక ఉషారాణి వినయ్ కుమార్‌కు ఫోను చేసింది.

"తమ్ముడూ, అల్యూమినియంలో, కార్బన్‌లో కరెంటు పోతదా, పోదా? ఒక్క మాట చెప్పు."

"పోతుందక్కా."

"మరి ఆ రోజు ఏం కాదంటివే?"

"అంటే, తీగలకు తగలకుండా చూసుకుంటే ఏం కాదని అక్కా."

ఇక ఫోన్లో అడిగి లాభం లేదని ఆమెకు తెలిసిపోయింది. కర్రను చేత్తో పట్టుకుని చూడాల్సిందే. ఇద్దరూ రైలెక్కి గుంటూరు వెళ్లారు.

వినయ్ కుమార్ గోడౌన్ వెనక ఖాళీ స్థలం, దాని పక్కన ఎత్తైన గోడ ఉన్నాయి. మనిషి ఫోన్‌లో ఎంత మర్యాదో ఎదురుగా కూడా అంతే మర్యాద. కుర్చీలు వేసి టీ తెప్పించాడు. ఉషారాణి టీ పక్కన పెట్టి, కర్రలన్నిటికీ బ్రష్ తగిలించమంది, గొట్టంలో నీళ్లు వదలమంది. ఉత్త కర్ర బరువు తనకు అక్కర్లేదంది. తాము కడిగే భవనాల ఎత్తుకు గోడ మీద బొగ్గుతో గీత గీయించింది. ఒక్కో కర్రా గీత దాకా లేపి, అద్దం రుద్దినట్టు పైకీ కిందికీ ఆడించింది. భుజం నొప్పి పుట్టేదాకా ఆపలేదు. నొప్పి ఎంతసేపటికి మొదలయ్యేదీ మనసులో పెట్టుకుంది.

కార్బన్ కర్ర నిజంగానే తేలిగ్గా ఉంది. నిటారుగా నిలబడింది, చెప్పిన చోటికి వెళ్లింది. ఓబులయ్య మొహం వెలిగిపోయింది. గాజు నారతో చేసిన ఫైబర్ కర్రలో కరెంటు అంత సులువుగా పోదట గానీ, దానికంటే బరువు, కొస కొంచెం ఊగుతుంది, బ్రష్ అద్దానికి ఆనే లోపు ఓపిక పట్టాలి. అయితే గీత దాకా అందింది. క్లాంపులు పెద్దవి, తడి చేత్తో కూడా బొటనవేలితో తెరుచుకున్నాయి. ముక్క విరిగితే ఆ ఒక్క ముక్కే విడిగా దొరుకుతుందట.

"ఇది చాలు," అంది ఉషారాణి.

"ఇదేందే, గడ ఊగినట్టు ఊగుతాంది! అప్పో సప్పో చేసి కార్బన్‌దే తీసుకుందాం. పొడుగుది."

"తీగలున్న బజార్లో కార్బన్ పట్టుకుని తిరుగుదామా? కంభం మర్చిపోయినావా?"

"తీగలు లేని చోటే చేద్దాం."

"తీగలు లేని చోటు యాడుంది? పొడుగుది నేను ఎత్తలేను. నీ చెయ్యి నొచ్చిన రోజు ఎవరు ఎత్తాలి?"

"నేనే ఎత్తుతా. నువ్వెందుకు ఎత్తడం?"

ఈ వాదన చాలాసేపు సాగింది. వినయ్ కుమార్ ఇద్దరి మాటకూ తల ఊపుతూ నిలబడ్డాడు. చివరకు ఓబులయ్య గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"మోకు మీద ఉంటే జనం తలెత్తి చూసేటోళ్లు ఉషా. ఓబులయ్యంటే ఓబులయ్యేరా అనేటోళ్లు. కనీసం ఏడంతస్తుల కర్ర చేతిలో ఉంటే ఒక లెక్క. ఈ చిన్న కర్ర పట్టుకుని నిలబడితే రోడ్డు ఊడ్చేటోడిలెక్క ఉంటా."

ఉషారాణి చేతిలో కర్ర కిందికి దింపింది.

"ఆసుపత్రిలో నేను అన్నేండ్లు ఊడ్చినా. ఆ జీతంతోనే నీ మోకు కొన్నా. అప్పుడు నేను నీ కంటికి ఎట్ల కనపడినా?"

ఓబులయ్య ఫైబర్ కర్ర తనే తీసుకుని, మంచి చేత్తో కింద పట్టుకుని, నొప్పి చేత్తో పైన ఆనించి, గీత దాకా లేపాడు. నెమ్మదిగా రుద్ది చూశాడు. "మొదట్లో ఊగింది గానీ, ఇట్ల ఆనిస్తే నిలబడుతాంది," అన్నాడు. ఉషారాణి ఇక సాగదీయలేదు.

డబ్బు కట్టాక వినయ్ కుమార్ చెప్పాడు, "అక్కా, ఫైబర్ అని ధైర్యం చేయొద్దు. తడిస్తే దాన్నీ నమ్మకూడదు. తీగల దగ్గర ఏ కర్రా లేపొద్దు."

"ఈ ఒక్క మాట మొదటి రోజు చెప్పి ఉంటే ఎంత బాగుండేది తమ్ముడూ!"

"మీరు టెన్షన్ పడతారని అక్కా," అన్నాడతను.

కష్టాలు తీరాయనుకున్నారు. మొదటి పని హేమలత డాక్టరమ్మ ఆసుపత్రిదే. అక్కడ ముందువైపు తీగలు లేవు. ఉషారాణి, ఓబులయ్య వంతుల వారీగా కర్ర పట్టి, మూడంతస్తులూ ఉదయం నుంచి కడిగారు. దుమ్మంతా కారిపోయి అద్దాల్లో ఆకాశం కనపడింది. ఓబులయ్య ఫొటోలు తీశాడు. తర్వాత ఎండ వచ్చింది, అద్దాలు ఆరాయి. ఆరిన చోటల్లా తెల్లటి చుక్కలు, చారలు. సున్నం నీళ్లు చిలకరించినట్టు మూడంతస్తులూ తెల్లబడ్డాయి.

డాక్టరమ్మ బయటికి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని చూసింది. "ఉషారాణీ, కడగకముందే బాగుంది కదమ్మా," అంది.

ఉషారాణికి కోపంతో కళ్లలో నీళ్లొచ్చాయి. ఫోను తీసింది.

"ఏ నీళ్లు వాడారక్కా?" అన్నాడు వినయ్ కుమార్.

"ఏ నీళ్లేంది? ఆసుపత్రి బోరు నీళ్లు."

"అయ్యో, ప్యూర్ వాటరే వాడాలక్కా! అందుకే కదా తుడవక్కర్లేదు అనేది. బోరు నీళ్లలో ఉన్నదంతా అద్దం మీద మిగిలిపోతుంది."

"మరి అమ్మేటప్పుడు చెప్పాలా వద్దా?"

"అందరికీ తెలుసనుకున్నానక్కా."

ఆమె ఫోను ఓబులయ్య చేతిలో పెట్టేసింది. తన నోటి వెంట ఏం వస్తుందో తనకే నమ్మకం లేకపోయింది. ఆ మధ్యాహ్నమంతా నిచ్చెనలేసి, అందిన మేరకు బట్టలతో తుడిచారు. అందని చోట మచ్చలు వారం పాటు అలాగే ఉన్నాయి.

మార్కాపురం బోరు నీళ్ల సంగతి అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పళ్లు గారపడతాయి, బిందెలకు తెల్లటి పొర కడుతుంది. తాగడానికి అందరూ క్యాన్లే కొంటారు. ఇప్పుడు ఆ క్యాను నీళ్లు గోడలకు పోయాలట. ఈ మాట విని పిచ్చయ్య నిజంగా బాధపడ్డాడు.

"మన ఊళ్లో ట్యాంకరు కోసం ఆడోళ్లు కొట్టుకుంటారు. నువ్వు తాగే నీళ్లతో అద్దాలు కడుగుతావా అమ్మా?"

ఉషారాణికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నాయనదే తప్పనలేకపోయింది. పని మానుకుందామా అని కూడా ఒక పూట ఆలోచించింది. చివరకు తర్లుపాడు రోడ్డులో మంచినీళ్ల ప్లాంటు నడిపే అబ్రహాము దగ్గరికి వెళ్లింది. ఆయన మొత్తం విని, నీళ్లలో ఏ మేరకు ఉప్పులు కలిశాయో చూపించే మీటరు తీశాడు. బోరు నీళ్లలో పెడితే అంకె ఎక్కడికో పోయింది. ప్లాంటు నీళ్లలో బాగా తగ్గింది గానీ సున్నాకు రాలేదు.

"తాగడానికి ఇది చాలమ్మా. అద్దానికి మచ్చ రాకూడదంటే ఇంకా తగ్గాల. దీని తర్వాత ఇంకో ఫిల్టరు పెట్టాల్సి ఉంటాది," అన్నాడు.

"ఆ ఫిల్టరు సంగతైనా ఎవరన్నా నాకు నిజం చెప్తారా అన్నా?"

అబ్రహాము నవ్వాడు. "నాకూ సరిగ్గా తెలీదు. చూద్దాం రా."

ఆ ప్లాంటు అద్దం తలుపు మీద ఇద్దరూ కొన్ని రోజులు తంటాలు పడ్డారు. ఒకసారి మచ్చలొచ్చాయి, ఒకసారి చారలొచ్చాయి, ఒకసారి ఫిల్టరు కారి అబ్రహాము ఆఫీసు గది తడిసింది. చివరకు ఒక పద్ధతి కుదిరింది. ముందు మామూలు నీళ్లతోనే దుమ్ము, మట్టి రుద్ది వదలగొట్టాలి. అద్దం ఆరకముందే ఫిల్టరు నీళ్లతో పైనుంచి కిందికి ఒక్కసారి కడిగేయాలి. ఎండ పడే వైపు పొద్దున్నే ముగించాలి. ఇలా చేస్తే మంచినీళ్లు ఆమె భయపడినంత ఖర్చు కాలేదు. నాయనకు ఆ సంగతి ఫోనులో వివరంగా చెప్పింది. ఆయన "ఊఁ" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

శివరాత్రి ముందు దోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీద ఉన్న ఒక లాడ్జి పని వచ్చింది. యాత్రికులు వచ్చేలోగా ముందువైపు అద్దాలన్నీ మెరవాలన్నాడు మేనేజరు. తీగలు భవనం వెనకనుంచి పోతున్నాయో లేదో ఉషారాణి చుట్టూ తిరిగి చూసుకుని వచ్చాక గానీ కర్ర బయటికి తీయనివ్వలేదు. తెల్లవారి మొదలుపెట్టారు. ఓబులయ్య మణికట్టు బాగుపడింది, కర్ర ఎక్కువసేపు ఆయనే పట్టాడు. ఆయన్ని ఎవరూ తలెత్తి చూడలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి, శ్రీశైలం బస్సు ఎక్కడ ఆగుతుందని మాత్రం అడిగారు. మొదట మొహం ముడుచుకుని జవాబు చెప్పాడు. తర్వాత పనిలో పడి, మూలల్లో బ్రష్ ఎలా తిప్పాలో తనలో తనే గొణుక్కుంటూ, అడిగినవాళ్లకు కర్రతోనే బస్టాండు వైపు చూపించాడు. అలా చూపించినప్పుడల్లా నీళ్లు వాళ్ల మీద పడుతున్నాయని ఉషారాణి కేకలేసింది.

అద్దాలు ఆరాయి. ఒక్క చుక్క లేదు. ఉషారాణి రోడ్డు అవతలికి వెళ్లి నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరకు చూసుకుంది.

మేనేజరు వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు.

"రెండో అంతస్తులో ఆ మూల మరక పోలేదే."

"అది లోపల వైపుది సార్. ఎవరో చెయ్యి పెట్టినారు."

"బయటనుంచి కనపడుతోంది కదమ్మా."

"అద్దం గదా సార్, లోపలిది బయటికి కనపడుతది."

"మరి ఇంకోసారి కర్రతో రుద్దండి."

"రుద్దినా పోదు సార్! లోపల ఉంది!"

"కొంచెం గట్టిగా రుద్దితే..."

ఈలోగా ఓబులయ్య కర్ర గోడకు ఆనించి, భుజం మీది తువ్వాలు తీసుకుని, లాడ్జి మెట్లెక్కాడు. కాసేపటికి రెండో అంతస్తు అద్దం వెనక కనపడ్డాడు. లోపలి నుంచి మరక తుడుస్తున్నాడు. కిందనుంచి మేనేజరు, "అదిగో, పోయింది. నేను చెప్పలా, రుద్దితే పోతుందని," అన్నాడు.

ఉషారాణి గొట్టం చుట్టడం మొదలుపెట్టింది.